చూశాను అని రాసిన చోట

జులై 8, మంగళవారం

కంచెరపల్లి మస్తానమ్మకు పక్షవాతం. ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోన్ చేసి చెప్పింది. ఆదివారం ఉదయం గరిటె నునుపు చేద్దామని ఆకురాయి అందుకోబోతే కుడి చెయ్యి లేవలేదట. మూతి కూడా పక్కకు పోయింది. కొడుకు దస్తగిరి ఆటోలో ఉదయగిరికి, అక్కడి నుంచి నెల్లూరికి తీసుకుపోయాడు. అక్కడ చూస్తే బీపీ 190 మీద 110.

అరవై నాలుగేళ్ల మనిషి. పదేళ్ల వయసు నుంచి నర్దికొయ్యతో గరిటెలు, చెంచాలు చేస్తోంది. ఆమె చెక్కిన పిడిని ఉదయగిరి అంగళ్లలో చూడగానే గుర్తుపడతారు.

కంచెరపల్లిని చూసే ఏఎన్‌ఎం శ్వేత. నా కింద ఉన్న ఆరుగురిలో చిన్నది. రిజిస్టరు చాలా శుభ్రంగా రాస్తుంది.

జులై 9

ఆత్మకూరులో బస్సు ఆలస్యం. ఆసుపత్రి చేరేసరికి తొమ్మిదిన్నర. వేరే విశేషం లేదు.

జులై 11, శుక్రవారం

దస్తగిరి ఆసుపత్రికి వచ్చాడు. రోగులు క్యూలో ఉండగానే లోపలికి వచ్చి, డాక్టరు ప్రశాంత్‌గారి బల్ల మీద ఫోన్ పెట్టి నెల్లూరు కాగితాల ఫొటోలు చూపించాడు.

“నెలనెలా బీపీ చూస్తారు గదా సార్. పోయిన నెల మాయమ్మకి ఎంత ఉండాదో చెప్పండి.”

డాక్టరుగారు రిజిస్టరు తెప్పించారు. జూన్ 12. మస్తానమ్మ, 130/80. ఆమె పైన ఉన్నవాళ్లకు 130/80. కింద ఉన్నవాళ్లకు 130/80. పేజీలో ఇరవై పేర్లు.

“ఊరంతా ఒకటే రక్తమా సార్?” అన్నాడు దస్తగిరి.

డాక్టరుగారు రిజిస్టరు మూశారు.

“ఆ పొద్దు శ్వేతమ్మ మా ఇంటికి వచ్చినాది సార్. రాలేదని నేను చెప్పను. కొత్త చెంచా చేత పట్టుకోని అటూ ఇటూ తిప్పి, ఎంత బాగుండాది అని పోయినాది. చెంచాను చూసినాది. మాయమ్మను చూడలా. దాన్ని సస్పెండ్ చేస్తారా, నన్ను కలెక్టరు దగ్గరికి పోమంటారా?”

నెలాఖరులోపు జిల్లా ఆఫీసుకు రిపోర్టు పంపుతానని డాక్టరుగారు చెప్పారు. అప్పటికి పోయాడు.

ప్రతి పేజీ కింద సూపర్‌వైజరు ఎర్ర ఇంకుతో ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టాలి. ఆ పేజీ కింద కూడా ఉంది. దాని సంగతి ఎవరూ అడగలేదు.

జులై 12

శ్వేతను నా గదిలోకి పిలిచాను.

“ఎందుకమ్మా అట్లా రాశావు?”

“మేడం...” అని నా మొహం వైపు చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది. “తప్పయిపోయింది మేడం.”

ఏడ్చిందో లేదో తెలియదు. వాన జల్లు పడుతుంటే నేను కిటికీ మూయడానికి లేచాను.

ఈ పిల్ల నాయన వరికుంటపాడులో కూలి చేసి చదివించాడు. ఉద్యోగం వచ్చి మూడేళ్లు.

జులై 14

శ్వేతకు మెమో ఇచ్చారు. మూడు రోజుల్లో సంజాయిషీ.

జులై 16, బుధవారం

సంజాయిషీ వచ్చింది. టైపు చేసిన కాగితం. డాక్టరుగారు పైకి చదివారు. “పని ఒత్తిడి వలనను, ఆరోగ్యము సరిగా లేనందువలనను, తెలియక జరిగిన పొరపాటును తమరు పెద్దమనసుతో మన్నించవలెనని...” అంతవరకు బాగానే ఉంది. చివరి వాక్యం దగ్గర ఆగి, మళ్లీ చదివారు.

“ఇకమీదట గేటు తాళము సకాలములో వేయగలనని హామీ ఇచ్చుచున్నాను.”

బీరువా తెరిచి మా వాచ్‌మన్ నిరుడు ఇచ్చిన సంజాయిషీ బయటికి తీశారు. అక్షరం పొల్లుపోకుండా అదే. పేరు మాత్రం వేరు.

డాక్టరుగారు నవ్వారు. శ్వేత తల దించుకుని ఉంది. నాకూ నవ్వు వచ్చింది, తర్వాత పోయింది. బీపీ చూడకుండా రాసిందని మెమో ఇస్తే, మెమో చూడకుండా రాసిన సంజాయిషీ వచ్చింది.

జులై 18

ఆత్మకూరు బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో కూర్చునే కొండయ్యను కలిశాను. రిటైరైన సీనియర్ అసిస్టెంట్. ఈ చుట్టుపక్కల ఏ ఉద్యోగికి మెమో వచ్చినా సంజాయిషీ రాసిచ్చేది ఆయనే.

“ఏంది కొండయ్యా, మా పిల్లకి గేటు తాళం తగిలించినావు?”

“అబ్బా, దొరికిపోయినానా మేడం? పాత ఫైలు తీసి పేరు మార్చినా. ఆ ఒక్క లైను మర్చిపోయినా. ముప్పై ఏండ్లుగా రాస్తావుండా, ఒక్కరన్నా చదివినారా? ఎవురబ్బా మీ డాక్టరు, చదివేదానికి?”

“కొత్తాయన.”

“అట్టా చెప్పండి. ఇంకో రెండేండ్లు పోనీండి, ఆయనా చదవడు.” టీ తెప్పిస్తానన్నాడు, వద్దన్నాను. “మీ ఆయనకి కూడా నేనే గదా మేడం రాసిచ్చింది. డేవిడ్‌రాజు సారుకి. అప్పుడు టైపు మిషను. ఎంత బాగా రాసినా. అయినా సస్పెండ్ చేసినారు చూడండి.”

బస్సు వచ్చిందని చెప్పి లేచాను. బస్సు రాలేదు.

జులై 19, శనివారం

సాయంత్రం అందరూ పోయాక డాక్టరుగారు నన్ను ఉండమన్నారు.

“సస్పెండ్ చేయండి అని రాస్తే అయిపోతుందమ్మా. ఆరు నెలలు ఇంట్లో కూర్చుంటుంది. తిరిగి వచ్చాక ఆ ఊళ్లో బీపీ చూస్తానంటే చెయ్యి ఎవరిస్తారు?”

సంచి బల్ల మీద పెట్టి కూర్చున్నాను.

“మొన్న ట్రైనింగులో ఒకాయన చెప్పాడు. కొన్నిచోట్ల తప్పు చేసిన మనిషికి ఒకరోజు సెలవిచ్చి ఇంటికి పంపుతారంట. జీతం కోయరు. ఈ ఉద్యోగం నాకు కావాలా, కావాలంటే ఇకమీదట ఎట్లా చేయాలి అని ఆ రోజంతా ఆలోచించుకుని, మర్నాడు వచ్చి తన నోటితో చెప్పాలి. చెప్పినదానికి కట్టుబడి ఉండాలి. శిక్ష కాదు, తేల్చుకోమనడం. మన దగ్గర అట్లాంటి రూలు లేదు. కానీ రిపోర్టులో నేను ఏం సిఫారసు చేయాలనేది నా చేతిలో ఉంది.”

“ఇంట్లో కూర్చుంటే ఏం తేలుతుంది డాక్టరుగారూ. నలుగురూ వచ్చి పాపం అని పోతారు.”

“మరి?”

“మస్తానమ్మ ఇంట్లో కూర్చోమనండి.”

నేనే అన్నాను ఆ మాట. అనాలని ముందు అనుకోలేదు.

జులై 20, ఆదివారం

చర్చి నుంచి వచ్చి బట్టలు ఉతికాను. పాస్టరుగారి వాక్యం సగం వినలేదు. ఊరంతా ఒకటే రక్తమా. ఆ మాట వదలడం లేదు.

ఇరవై ఎనిమిదేళ్లయింది. మా ఆయన అప్పుడు మలేరియా విభాగంలో హెల్త్ అసిస్టెంటు. కొండ కింది పల్లెలకు పోయి జ్వరం వచ్చినవాళ్ల వేలు పొడిచి, రక్తం చుక్క గాజుపలక మీద పూసి తేవాలి. ఆ రోజు మా పాప జెస్సీకి జ్వరం, ఫిట్స్ వచ్చాయి. ఆయన పోలేదు. మర్నాడు పన్నెండు పలకలు పంపాలి. వంటింట్లో కూర్చుని తన వేళ్లే పొడుచుకున్నాడు. పాత రిజిస్టరులో పేర్లు చూసి రాశాడు. వాళ్లలో ఒకాయన అంతకు నెల ముందే చనిపోయాడు. అట్లా దొరికిపోయాడు.

తొమ్మిది నెలలు సస్పెన్షన్. వరండాలో కూర్చుని అరచేతులు చూసుకునేవాడు. పలకరిస్తే పలికేవాడు. తిరిగి తీసుకున్నాక మళ్లీ సూది పట్టుకోనివ్వలేదు, స్టోరులో వేశారు. రిటైరయ్యేదాకా మందుల అట్టపెట్టెలు సర్దాడు. ఏ ఊరివాళ్లయితే మోసపోయారో ఆ ఊరికి పోయి ఒక మాట చెప్పిరమ్మని ఆయనతో ఎవరూ అనలేదు. అంటే పోయి ఉండేవాడు. అట్లాంటి మనిషే.

జులై 22, మంగళవారం

మస్తానమ్మను ఇంటికి తెచ్చారు. నా మాటకు డాక్టరుగారు ఒప్పుకున్నారు. శ్వేత ఒకరోజు అక్కడ కూర్చుంటుందని చెప్పడానికి నేనే కంచెరపల్లి పోయాను. దస్తగిరి వసారాలో కొయ్య కోస్తున్నాడు. రంపం ఆపలేదు.

“ఏందీ, ఆ పిల్లని తెచ్చి మా ఇంట్లో కూర్చోబెడతారా? మేమేమన్నా బడి పెట్టినామా? ఉద్యోగం పీకేయండి, పోతాది.”

“పీకేస్తే మీ ఊరికి ఆరు నెలలు ఎవరూ రారు దస్తగిరీ.”

“ఇప్పుడొచ్చి పీకిందేంది?”

 మంచం మీద నుంచి మస్తానమ్మ మాట వినిపించింది. మాట ముద్దగా వస్తోంది.

“రానీరా.”

“నువ్వు ఊరుకోమా.”

“రానీ. చూడనీ.”

“ఏంది మా అది చూసేది?”

“చెయ్యి లేకుండా... పొద్దు ఎట్టా పోతాదో. చూడనీ.”

రంపం ఆగింది. దస్తగిరి నా వైపు తిరిగాడు. “అయితే ఒకటి. మీ పుస్తకంలో ఏం రాసుకుంటారో మాకేం తెలుసు? ఇకమీదట మాయమ్మకి బీపీ చూస్తే మా గోడ మీద రాయాల. నేను చూడాల, వచ్చేవోళ్లు పొయ్యేవోళ్లు చూడాల. చెయ్యి మళ్లా కొయ్య పట్టిందాకా వారానికి మూడు తూర్లు రావాల. ఒక్క వారం తప్పినా నేను కలెక్టరు దగ్గరికి పోతా.”

ఒప్పుకున్నాను.

జులై 23

బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే కొత్త పట్టీలు మూడు స్టోరులో ఉన్నాయి. ఒకటి తీసి శ్వేతకు ఇచ్చాను. ఏమీ అనకుండా తీసుకుంది.

జులై 24, గురువారం

శ్వేత ఉదయం ఎనిమిదికే మస్తానమ్మ ఇంటికి పోయింది. నేను నాలుగు గంటలకు పోయాను.

ముందు ఇద్దరూ మాట్లాడుకోలేదట. దస్తగిరి పీట కూడా వేయలేదట. పదింటికి మస్తానమ్మ ఎడమ చేత్తో సంగటి తినబోయి మీద పోసుకుంది. శ్వేత తుడవబోతే వద్దంది. తల దువ్వుకోబోతే దువ్వెన జారింది. మూడోసారి జారినప్పుడు శ్వేత తీసి దువ్వింది. అది వద్దనలేదు.

నేను పోయేసరికి ఇద్దరూ గడప దగ్గర కూర్చుని ఉన్నారు. సగం చెక్కిన చెంచాను శ్వేత రెండు చేతులా పట్టుకుంది. మస్తానమ్మ ఎడమ చేత్తో ఆకురాయి తోస్తోంది. ఆకురాయి జారి శ్వేత వేలికి తగిలింది.

“గట్టిగా పట్టుకో మే. పట్టుకునేదానికి కూడా రాదా నీకు?”

“పట్టుకున్నా గదవ్వా. నువ్వే వంకరగా తోస్తావుండావు.”

“నా మూతే వంకర. చెయ్యి కాదు.”

దస్తగిరి లోపల ఉన్నాడు. నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. 24–7. 168/100. శ్వేత అంకెలు. రిజిస్టరులో ఉన్నంత అందంగా లేవు.

జులై 25, శుక్రవారం

శ్వేత కొత్త సంజాయిషీ ఇచ్చింది. చేత్తో రాసింది. ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

“జూన్ 12న కంచెరపల్లిలో ఎవరికీ బీపీ చూడలేదు. మిషన్ పట్టీలో గాలి నిలవడం లేదు. సాయంత్రంలోగా ఇరవై మందిని రిజిస్టరులో ఎక్కించాలని అందరికీ ఒకే అంకె రాశాను. పట్టీ కోసం ఇంకోసారి అడగవలసింది, అడగలేదు. ఈ ఉద్యోగం నాకు కావాలి. వారానికి మూడుసార్లు మస్తానమ్మగారి ఇంటికి పోయి చెయ్యి కదిలించే కసరత్తు చేయిస్తాను. ఆ ఇరవై మందికీ మళ్లీ చూస్తాను. చూడనిది ఖాళీగా వదిలేస్తాను.”

డాక్టరుగారు బాగుందన్నారు. శ్వేత నా వైపు చూడలేదు.

ఇంకోసారి అని రాసింది.

జులై 26

ఇంకోసారి.

జులై 27, ఆదివారం

చర్చికి పోలేదు.

ఏప్రిల్‌లో ఒకసారి, మే నెల మీటింగు అయ్యాక ఒకసారి శ్వేత అడిగింది. “మేడం, పట్టీ గాలి నిలవడం లేదు.” చూద్దాంలే అన్నాను. రెండోసారి కూడా చూద్దాంలే అన్నాను. స్టోరు తాళం నా సంచిలోనే ఉంది. మూడు పట్టీలు ఫిబ్రవరిలో వచ్చాయి.

జూన్ పేజీ కింద చూశాను అని రాసింది నేనే. చూడలేదు. ఆ రోజు ఆరు ఊళ్ల రిజిస్టర్లు వరసగా పెట్టుకుని, నాలుగున్నర బస్సు అందుకోవాలని గబగబా పేజీలు తిప్పాను. ఇరవై ఒకే అంకెలు ఉంటే కనబడకుండా ఉండవు. కళ్లు పెట్టి ఉంటే.

శ్వేతకు ఇదంతా తెలుసు. మొదటిరోజు నా మొహం చూసింది, చెప్పలేదు. మొన్న కాగితంలో కూడా రాయలేదు.

ఇంకొకటి కూడా రాసుకోవాలి. పన్నెండు పలకలు. ఆయనకు ఉన్నవి పది వేళ్లు. పది అయ్యాక మళ్లీ మొదటి వేలు పొడవబోతుంటే నేనే చెయ్యి చాపాను. చివరి రెండూ నా రక్తం. ఎన్‌క్వయిరీలో ఇంకెవరన్నా సాయం చేశారా అని అడిగారట. లేదన్నాడు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఏడాది.

ఆయన నన్ను దాచాడు. ఇప్పుడు ఈ పిల్ల దాస్తోంది.

జులై 28, సోమవారం

రిపోర్టు కవరు అతికించకముందే నా కాగితం డాక్టరుగారికి ఇచ్చాను. నిలబడే చదివారు. చదివి కూర్చున్నారు.

“మార్చిలో రిటైరవుతారు గదమ్మా. ఇది దేనికి? ఆ పిల్ల రాయలేదు, నేను అడగలేదు.”

“అందుకే.”

“మీ రిటైర్మెంటు కాగితాలకు అడ్డం పడొచ్చు.”

“పడనీండి.”

“ఒకటి రెండు రోజులు ఆలోచించుకోండి.”

“శ్వేతకు ఒకరోజే ఇచ్చారు గదా డాక్టరుగారూ.”

ఆయన నా కాగితాన్ని శ్వేత కాగితం కింద పెట్టి పిన్ను కొట్టారు.

ఆగస్టు 5, మంగళవారం

నెల మీటింగు. జూన్‌లో ఏం జరిగిందో శ్వేత తక్కిన ఐదుగురికీ చెప్పింది.  ఆ తర్వాత నేను లేచి పట్టీల సంగతి చెప్పాను.  ముందు రేణుకాదేవి చెయ్యి ఎత్తింది. ఇక్కడ అందరికన్నా సీనియరు.

“మేడం, నా మిషను ఉగాది నుంచి పంజెయ్యడంలా.”

ఇంకొకామె కూడా చెప్పింది. స్టోరు తెరిచి మిగిలిన రెండు పట్టీలూ ఇచ్చేశాను. ఇన్నేళ్లలో మీటింగులో ఎవరూ ఇట్లా చెయ్యి ఎత్తలేదు.

ఆగస్టు 14

గోడ మీద 156/96. చూపుడు వేలు కొంచెం కదులుతోంది.

ఆగస్టు 21

శ్వేతకు జలుబు. అయినా పోయింది. “ఆ ముక్కు తుడుచుకోని రా మే, నా చెంచాల మీద కారుస్తావు” అందట మస్తానమ్మ.

ఆగస్టు 30

కంచెరపల్లి నుంచి వచ్చిన రిజిస్టరులో మూడు గళ్లు ఖాళీగా ఉన్నాయి. పక్కన ‘ఇంట్లో లేరు’ అని ఉంది. ప్రతి అంకె కిందా వేలు పెట్టి చదివాను. నాలుగున్నర బస్సు పోయింది. ఆరింటి బస్సుకు వచ్చాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

జిల్లా ఆఫీసు నుంచి జవాబు. శ్వేతకు మందలింపుతో సరిపెట్టారు. డాక్టరుగారు రాసినట్టే ఆరు నెలలు కంచెరపల్లి పని కొనసాగించాలి. దస్తగిరి సమ్మతి కాగితం కూడా డాక్టరుగారు రిపోర్టుతో పంపారు.

నాకు వేరే మెమో. పది రోజుల్లో సంజాయిషీ. ఏమవుతుందో తెలియదు. శ్వేత నా గది గుమ్మం దగ్గరికి వచ్చింది.

“మేడం, మీరు ఎందుకు చెప్పినారు?”

“నువ్వెందుకు చెప్పలేదు?”

 నా బ్యాగు బస్టాండుదాకా మోసుకొచ్చింది. వద్దంటే వినలేదు.

సెప్టెంబర్ 12

కొండయ్య బస్టాండులో ఎదురొచ్చాడు. మెమో సంగతి ఎట్లా తెలుస్తుందో ఆయనకు.

“మేడం, మీకు నేను రాసిస్తా. ఈసారి గేటు తాళం లేకుండా చూసుకుంటా గదా.”

“వద్దులే కొండయ్యా. ఒక్క ముక్కే ఉండాది. నేనే రాస్తాను.”

“ఒక్క ముక్కా? ఒక పేజీ అన్నా లేకుంటే వాళ్లు చదవరు మేడం.”

“చదవకపోతే పోనీ.”

సెప్టెంబర్ 13, శనివారం

శ్వేత సెలవు. కంచెరపల్లికి నేను పోయాను.

మస్తానమ్మ వసారాలో కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒళ్లో ఉంది. ఆ వేళ్ల మధ్య ఒక చిన్న కొయ్యముక్క. పట్టు ఇంకా చాలదు, కానీ కింద పడడం లేదు.

“పెద్ద నర్సమ్మ వచ్చినాదే. ఏమ్మా, చిన్నది రాలా?”

“సెలవు. ఈ రోజు నేను చూస్తాను.”

“నువ్వు కూడా చూస్తావా?” అంది. శ్వేత ఆమెకు అంతా చెప్పి ఉంటుంది. చెప్పకుండా ఆ ఇంట్లో ఇన్ని రోజులు ఎట్లా కూర్చుంటుంది. “చూడు. చూడు.”

తన కుడి చెయ్యిని ఎడమ చేత్తో ఎత్తి నా ఒళ్లో పెట్టింది. బరువుగా, వెచ్చగా ఉంది. అరచేతిలో యాభై ఏళ్ల ఆకురాయి కాయలు. పట్టీ చుట్టాను. ఒకసారి చూసి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూశాను.

142/88.

రిజిస్టరులో రాశాను. గోడ దగ్గరికి పోయాను. బొగ్గు కనబడక సంచిలోని ఎర్ర పెన్ను తీస్తే సున్నం మీద ఇంకు పట్టలేదు. దస్తగిరి చూస్తూ నిలబడ్డాడు. పొయ్యి దగ్గరికి పోయి బొగ్గుముక్క తెచ్చి ఇచ్చాడు.

శ్వేత అంకెల కింద నా అంకెలు వేశాను.

“పుస్తకంలో అడుగున ఏందో రాస్తావంట గదా ఎర్రగా,” అంది వెనక నుంచి మస్తానమ్మ. “అది ఇక్కడ రాయవా?”

రాశాను. చూశాను అని. కింద నా పేరు కూడా రాశాను. లిదియమ్మ. చెయ్యి నల్లగా అయింది. ఆసుపత్రికి వచ్చేదాకా కడుక్కోలేదు.

సంజాయిషీ ఈ సాయంత్రమే పంపాను. ఒక్క ముక్కే రాశాను. చూడలేదు.